నలభై వేల చుట్టుపక్కల వీఆర్ కెమెరా: ఎవరికి ఏది సరిపోతుంది?

పోయిన నెల మా బావమరిది రాజమండ్రి నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "బావా, వీఆర్ కెమెరా ఒకటి తీసుకుందామనుకుంటున్నాను. నలభై వేలు పక్కన పెట్టాను. ఏది కొనమంటారు?" వాడు అడిగింది 360 కెమెరా గురించి, అంటే రెండు లెన్సులతో చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీసేది. వాడికి చిన్న యూట్యూబ్ ఛానెల్ ఉంది. గోదావరి లంకలు, పాపికొండల లాంచీ, రోడ్డు పక్క హోటళ్లు, అప్పుడప్పుడూ చుట్టాల పెళ్లిళ్లు తీస్తుంటాడు. నేను ఒక్కటే అడిగాను: "నువ్వు తీసింది జనం దేంట్లో చూస్తారు?" కాసేపటికి జవాబొచ్చింది: "ఫోన్లోనే కదా బావా, ఇంకెందులో చూస్తారు!"

ఆ ముక్కతో లిస్టులో సగం కెమెరాలు కొట్టేశాం. షాపులో అయినా ఆన్‌లైన్‌లో అయినా ఎవరూ ముందు ఈ ప్రశ్న అడగరు. 8కె, పెద్ద సెన్సర్ (వెలుగుని పట్టే చిప్పు), ఇన్ని మీటర్ల లోతు నీళ్లలోనూ పనిచేస్తుంది అంటూ మొదలుపెడతారు. చూసేవాళ్లు ఎక్కడ చూస్తారో తేలకపోతే ఆ అంకెల్లో ఏది మనకి పనికొస్తుందో తెలీదు.

చూసే చోట్లు మూడు

మొదటిది, మామూలు వీడియోలా చూడటం. 360 కెమెరా చుట్టూ ఉన్నదంతా తీసేస్తుంది, మీరు ఇంటికొచ్చాక కావాల్సిన వైపు మాత్రం కత్తిరించి రీల్ గానో, యూట్యూబ్ వీడియో గానో పెడతారు. దీన్నే రీఫ్రేమ్ అంటున్నారు. చూసేవాళ్లకి అది 360 కెమెరాతో తీసిందని కూడా తెలీదు. నిజం చెప్పాలంటే ఈ కెమెరాలు కొన్నవాళ్లలో ఎక్కువమంది చేసే పని ఇదే. ఇన్‌స్టాగ్రామ్‌లో 360 వీడియోని తిప్పి చూసే వీలు ఎలాగూ లేదు.

రెండోది, ఫోన్లో వేలితో తిప్పుతూ చూడటం. యూట్యూబ్ 2015 నుంచీ దీన్ని అనుమతిస్తోంది. ఇళ్ల టూర్లు, ఫంక్షన్ హాళ్లు, కొండమీద వ్యూ పాయింట్లు దీనికి బావుంటాయి. కథ చెప్పే వీడియోకి మాత్రం పనికిరాదు. మీరు ముఖ్యమైన మాట చెబుతుంటే చూసేవాడు వెనక చెట్టు చూస్తుంటాడు.

మూడోది, మెటా క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్ (కళ్లకి కట్టుకునే తెర) పెట్టుకుని చూడటం. అసలు వీఆర్ అంటే ఇది. మన దగ్గర హెడ్‌సెట్లు ఉన్న ఇళ్లు తక్కువే. కానీ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకు ఇంట్లో క్వెస్ట్ ఉండి, గుంటూరులో అమ్మానాన్నల ఇంటి వరండా అందులో చూడాలనుకుంటే, ఈ వర్గం చిన్నదైనా బలమైనదే. వీళ్ల సంగతి కింద విడిగా చెబుతాను.

8కె అన్న మాటలో ఉన్న మెలిక

టీవీ 8కె వేరు, 360 కెమెరా 8కె వేరు. 360 కెమెరాలో ఆ పిక్సెల్స్ అన్నీ చుట్టూ ఉన్న గుండ్రం మొత్తానికీ పంచాలి. పెళ్లిలో నలుగురికి వండిన పులిహోర నలభై మందికి వడ్డించినట్టు.

లెక్క వేసి చూడండి. 5.7కె అంటే చుట్టూ 5760 పిక్సెల్స్. చూసేవాడికి ఒకసారి కనబడేది దాదాపు 90 డిగ్రీలు, అంటే పావు వంతు. 5760లో పావు 1440. 8కెలో 7680 ఉంటాయి, పావు తీస్తే 1920, అంటే మామూలు ఫుల్ హెచ్‌డీ. పాత 4కె 360 కెమెరా అయితే 960 దగ్గర ఆగిపోతుంది. అందుకే నాలుగైదేళ్ల కిందటి 4కె 360 వీడియోలు చూస్తే ఎవరో తెర మీద నూనె పూసినట్టుంటాయి.

రీల్స్ సంగతి చూద్దాం. నిలువు ఫ్రేమ్‌కి వెడల్పులో 60 డిగ్రీలు కత్తిరిస్తే 5.7కెలో 960 పిక్సెల్స్ వస్తాయి, 8కెలో 1280. రీల్‌కి కావాల్సింది 1080. అంటే 5.7కె కాస్త తక్కువైంది, 8కె కాస్త మిగిలింది. పగటి వెలుగులో, ఫోన్ తెర మీద, ఆ 960కీ 1080కీ తేడా మా బావమరిది కనిపెట్టలేకపోయాడు. నేనూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప చెప్పలేను. అయితే జూమ్ చేసి ఇంకా బిగించి కత్తిరిస్తే 5.7కె వెంటనే బయటపడిపోతుంది.

హెడ్‌సెట్‌కి వస్తే కథ మారిపోతుంది. క్వెస్ట్ 3 ఒక డిగ్రీకి 25 పిక్సెల్స్ చూపించగలదని మెటా చెబుతుంది. 5.7కె వీడియో ఇవ్వగలిగింది 16. 8కె కూడా 21 దగ్గరే ఆగుతుంది. కాబట్టి హెడ్‌సెట్ కోసం తీసేవాళ్లకి 8కె అంటే కనీస అవసరం.

లెన్స్, అతుకు, చీకటి

నా మొదటి 360 కెమెరా (పేరెందుకు లెండి) మా చెల్లెలి గృహప్రవేశంలో చచ్చిపోయింది. హాల్లో మధ్యలో స్టాండ్ మీద పెట్టాను, చుట్టూ అందరూ పడాలని. ముందుగా ఆవునీ దూడనీ లోపలికి తీసుకొచ్చారు. ఆవు బుద్ధిగానే నడిచింది. దూడ మాత్రం స్టాండ్ వాసన చూసి, నాకి, తర్వాత తలతో ఒక్క తోపు తోసింది. కెమెరా కొత్త గ్రానైట్ మీద పడింది. మామూలు కెమెరా అయితే ఒక మూల మీద పడేది, బతికేది. 360 కెమెరాకి రెండు వైపులా లెన్సులు గుడ్లు తేలేసినట్టు బయటికి ఉబ్బి ఉంటాయి కాబట్టి ఎటు పడ్డా నేలకి తగిలేది లెన్సే. రిపేరుకి కెమెరా ధరలో సగం చెప్పారు, ఐదు వారాలు పట్టింది. ఆ చివరి పది సెకన్ల వీడియో మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ హిట్.

అందుకని లెన్సు సంగతి నేను అన్నిటికంటే ముందు చూస్తాను. గార్డు బిగించి తీసే వీలుందా? పగిలితే ఇంట్లో మనమే మార్చుకోవచ్చా? ఈ రెండూ లేని కెమెరా ఎంత చవకైనా అది చవక కాదు.

అతుకు సంగతి కొన్నాక గానీ తెలీదు. రెండు లెన్సులు తీసిన బొమ్మల్ని సాఫ్ట్‌వేర్ అంచుల దగ్గర కలిపి కుడుతుంది. కెమెరాకి ఒకటి రెండు అడుగుల దగ్గరలో ఉన్న వస్తువు ఆ అతుకు మీద పడితే ముక్కలవుతుంది. ఒక పెళ్లిలో పీటల పక్కనే కెమెరా పెట్టాను, దాని సన్నటి అంచు పెళ్లికూతురి వైపు ఉంది. తలంబ్రాలప్పుడు చూస్తే మణికట్టు ఒకచోట, వేళ్లు ఇంకోచోట. తలంబ్రాలు గాల్లో మాయమై మళ్లీ పుట్టాయి. ఈ ఇబ్బంది ఏ కంపెనీ కెమెరాలోనైనా ఉంటుంది, కొత్త వాటిలో కాస్త తక్కువ, అంతే. ముఖ్యమైన మనిషి వైపు ఎప్పుడూ లెన్సు మొహం ఉండాలి, అంచు ఉండకూడదు. సెల్ఫీ స్టిక్ వీడియోలో కనబడకపోవడం వెనక ఉన్నదీ ఇదే: స్టిక్ ఆ రెండు లెన్సుల మధ్య గుడ్డి సందులో ఉంటుంది. కెమెరాని స్టిక్‌కి వంకరగా బిగిస్తే స్టిక్ కనబడిపోతుంది.

ఇక చీకటి. మనవాళ్ల వేడుకలు సగం రాత్రిపూటే. జాతర, రిసెప్షన్, బతుకమ్మ, ఊరేగింపు. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలో రాత్రి ఆకాశం అంతా చీమలు పాకినట్టు ఉంటుంది. 360లో ఆకాశం ఎప్పుడూ ఫ్రేములోనే ఉంటుంది కాబట్టి తప్పించుకోలేం.

పక్కపక్కన పెట్టి చూస్తే

ధరలు కంపెనీలు విడుదలప్పుడు చెప్పినవి. డాలర్‌ని 85తోనో 90తోనో గుణించి సంబరపడకండి, దిగుమతి సుంకం, జీఎస్టీ కలిశాక ఇక్కడి లెక్క వేరు. పండగ సేల్‌లో ఇంకో లెక్క.

| కెమెరా | ఎప్పుడు వచ్చింది | 360 వీడియో | నీళ్లలో | లెన్స్ రక్షణ | విడుదల ధర |
|---|---|---|---|---|---|
| గోప్రో మ్యాక్స్ | 2019, పెద్ద బ్యాటరీతో మళ్లీ 2025 | 5.6కె, సెకనుకి 30 ఫ్రేములు | 5 మీ. | మనం మార్చలేం | 500, తర్వాత 350 డాలర్లు |
| ఇన్‌స్టా360 ఎక్స్3 | 2022 | 5.7కె, 30 | 10 మీ. | అతికించే గార్డు | 450 డాలర్లు |
| ఇన్‌స్టా360 ఎక్స్4 | 2024 | 8కె, 30 | 10 మీ. | తిప్పి తీసే గార్డు | 500 డాలర్లు |
| ఇన్‌స్టా360 ఎక్స్4 ఎయిర్ | 2025 | 8కె, 30 | 15 మీ. | ఇంట్లోనే మార్చుకోవచ్చు | 400 డాలర్లు |
| ఇన్‌స్టా360 ఎక్స్5 | 2025 | 8కె, 30 | 15 మీ. | ఇంట్లోనే మార్చుకోవచ్చు | 550 డాలర్లు |
| డీజేఐ ఆస్మో 360 | 2025 | 8కె, 50 | 10 మీ. | ఇంట్లో మార్చలేం | 480 యూరోలు |
| గోప్రో మ్యాక్స్ 2 | 2025 | 8కె, 30 | 5 మీ. | ఇంట్లోనే మార్చుకోవచ్చు | 500 డాలర్లు |
| రికో థీటా ఎస్‌సీ2 | 2019 | 4కె, 30 | వద్దు | లేదు | దాదాపు 300 డాలర్లు |

5.7కె బృందం: ఎక్స్3, గోప్రో మ్యాక్స్

ఇవాళ బడ్జెట్ కెమెరా అంటే ఇవే, అదీ సెకండ్ హ్యాండ్‌లో. ఎక్స్3 బరువు 180 గ్రాములు, టచ్ తెర ఉంది, 72 మెగాపిక్సెల్ ఫోటోలు తీస్తుంది. పగలు బయట తీసే ట్రావెల్ వీడియోలకి, బైక్ రైడ్లకి, రీల్స్‌కి దీనికి వంక పెట్టలేం. దీంట్లో నాకు నచ్చే గుణం ఇంకొకటుంది: ఫైళ్లు తేలిగ్గా ఉంటాయి. సెకనుకి గరిష్ఠంగా 120 మెగాబిట్లు, అంటే గంట రికార్డింగ్‌కి 54 జీబీ దాకా. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఈ అంకె ఎంత హాయో తర్వాత చెబుతాను.

గోప్రో మ్యాక్స్ ఇంకా పాతది. అతుకులు బాగా కుడుతుంది, స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించడం) గట్టిది. కానీ నీళ్లలో 5 మీటర్లే, రాత్రిళ్లు బలహీనం. పాత మోడల్‌ని బాగా తక్కువకి ఇస్తే తప్ప ఎక్స్3 వదిలి దీనివైపు వెళ్లమని నేను చెప్పను. ఇప్పటికే గోప్రో బిగింపులు, క్లిప్పులు డజను కొని పెట్టుకున్న బైక్ బాబులకి మాత్రం మినహాయింపు.

8కె మధ్యతరగతి: ఎక్స్4, ఎక్స్4 ఎయిర్

ఎక్స్4లో నేను మెచ్చుకునేది 8కె కంటే తిప్పి తీసే లెన్స్ గార్డులు. డబ్బాలోనే వస్తాయి. గీత పడితే గార్డు పడేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. బ్యాటరీ 8కెలో 75 నిమిషాలు, 5.7కెలో 135 నిమిషాలు వస్తుందని కంపెనీ లెక్క. ఆ లెక్క మే నెల ఎండలో నమ్మకండి. ఈ కెమెరాలు 40 డిగ్రీల వరకే పనిచేసేలా తయారైనవి. మన రామగుండంలో, విజయవాడలో నీడలోనే ఆ 40 దాటిపోతుంది. స్టిక్ మీద కదలకుండా నిలబెట్టి 8కె తీస్తుంటే గాలి తగలక వేడెక్కి ఆగిపోవచ్చు. బైక్ మీద గాలి తగులుతుంది కాబట్టి అంత టెన్షన్ లేదు.

ఎక్స్4 ఎయిర్ 2025 చివర్లో వచ్చింది. 165 గ్రాములే. లెన్సు మనమే మార్చుకోవచ్చు. ఎక్స్5లో సగం సుఖాలు తక్కువ ధరకి ఇచ్చారు. ఇప్పుడు కొత్తది కొనాలి, 8కె కావాలి, రాత్రి షూటింగులు పెద్దగా లేవు అంటే నేను మొదట చూసేది దీన్నే.

రాత్రి కెమెరాలు: ఎక్స్5, ఆస్మో 360

ఎక్స్3, ఎక్స్4లలో ఉన్నవి అర అంగుళం సెన్సర్లు. ఎక్స్5లో 1/1.28 అంగుళాలు, ఆస్మో 360లో ఇంకాస్త పెద్దవి. దీని ఫలితం అంకెల కంటే కంటికే బాగా తెలుస్తుంది. బతుకమ్మ ఆడుతున్నప్పుడు మధ్యలో పెట్టిన కెమెరాలో ట్యూబ్‌లైట్ల కింద ఉన్న మొహాలూ, వెనక చీకట్లో నిలబడ్డవాళ్లూ ఇద్దరూ తెలియడం పెద్ద సెన్సర్‌లోనే సాధ్యం. చిన్న సెన్సర్‌లో మొహాలు తెల్లగా కాలిపోతాయి, వెనక అంతా ముద్ద.

ఆస్మో 360కి లోపలే 100 జీబీ పైన మెమరీ ఉంది. కార్డు మర్చిపోయి షూటింగుకి వెళ్లే నాలాంటివాళ్లకి అది దేవుడిచ్చిన వరం. ఈ లిస్టులో 8కెలో సెకనుకి 50 ఫ్రేములు కూడా దీనికే ప్రత్యేకం. కానీ లెన్సు పగిలితే ఇంట్లో మార్చలేం. దూడని గుర్తు పెట్టుకుని నేను ఎక్స్5 వైపే మొగ్గుతాను. స్టాండ్ పక్కన ఎప్పుడూ ఒక మనిషిని నిలబెట్టగలిగితే మీ నిర్ణయం వేరుగా ఉండొచ్చు. ఈ రెండూ నలభై వేలు దాటిపోతాయి, అది కూడా చెప్పాలి. గోప్రో మ్యాక్స్ 2 కూడా ఈ ధరలోదే. లెన్సు తిప్పి మార్చుకోవచ్చు, గోప్రో సామాన్లు ఉన్నవాళ్లు దాన్ని చూడొచ్చు.

ఫోటో కోసమే: రికో థీటా

360 కెమెరాల్ని సామాన్యుడి చేతికి తెచ్చింది రికోనే, 2013లో. ఎస్‌సీ2 సన్నగా, చాక్లెట్ బార్‌లా ఉంటుంది. వీడియోకి దాన్ని కొనకండి: 4కె, అదీ ఒక్కో క్లిప్ మూడు నిమిషాలే, కార్డు పెట్టే చోటు లేదు, లోపలి 14 జీబీతో సరిపెట్టుకోవాలి. కానీ గదుల ఫోటోలకి బంగారం లాంటిది. కిటికీ బయట ఎండ, లోపల చీకటి ఉన్న బెడ్‌రూమ్‌ని హెచ్‌డీఆర్ మోడ్‌లో తీస్తే కిటికీ కాలిపోకుండా, గోడ మునిగిపోకుండా రెండూ కుదురుగా వస్తాయి.

ఇంకాస్త డబ్బుంటే 2022లో వచ్చిన థీటా ఎక్స్ 60 మెగాపిక్సెల్ ఫోటోలు తీస్తుంది, బ్యాటరీ మార్చుకోవచ్చు, కార్డు పెట్టుకోవచ్చు. విడుదల ధర 800 డాలర్లు. ఫ్లాట్లు చూపించి సంపాదించేవాళ్లకి తప్ప అంత పెట్టాల్సిన పని లేదు.

3డీ కావాలనుకునేవాళ్లకి

పైన చెప్పిన 360 కెమెరాల్లో లోతు ఉండదు. గోళం లోపల నిలబడి గోడమీద అంటించిన బొమ్మ చూస్తున్నట్టే. రెండు కళ్లకి వేరువేరుగా తీసి, ముందువైపు సగం మాత్రమే చూపించేది వీఆర్180. హెడ్‌సెట్‌లో దీని పవర్ వేరు: నాయనమ్మ ఎదురుగా కూర్చుని చెయ్యి చాపితే మన చెయ్యి కూడా లేస్తుంది.

చిక్కంతా ధర దగ్గర. గూగుల్ 2017లో ఈ ఫార్మాట్ ప్రకటించింది, లెనోవో మిరాజ్ లాంటి చవక కెమెరాలు వచ్చాయి, మళ్లీ మాయమైపోయాయి. ఇప్పుడు క్యానన్ రెండు కళ్ల లెన్సు ఉంది, 2021లో వచ్చినప్పుడు ఒక్క లెన్సే 2,000 డాలర్లు, దానికి బాడీ వేరు. కాబట్టి బడ్జెట్‌లో ఇది కుదరదు.

అయితే ఓ చిన్న దారుంది. మీ దగ్గర ఐఫోన్ 15 ప్రో గానీ, ఐఫోన్ 16 గానీ ఉంటే అందులోనే స్పేషియల్ వీడియో తీయొచ్చు. 1080 రిజల్యూషన్, కిటికీలోంచి చూసినట్టుంటుంది తప్ప చుట్టూ ఉండదు. కానీ అది నిజమైన 3డీ, క్వెస్ట్‌లో కూడా చూడొచ్చు. మనవరాలి అన్నప్రాశనకి ఇంతకంటే ఖర్చు అక్కర్లేదు.

మీరెవరు?

ట్రావెల్ వీడియోలు, ఫుడ్ వీడియోలు తీసేవాళ్లు, ముఖ్యంగా పగలు తిరిగేవాళ్లు ఎక్స్3 సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. మిగిలిన డబ్బుతో మంచి కాలర్ మైకు కొనండి. వీడియో కాస్త మసకైనా జనం చూస్తారు, ఆడియో పగిలితే పది సెకన్లలో వెళ్లిపోతారు. 360 కెమెరాల మైకు గాలిని బాగా పీల్చుకుంటుంది. లాంచీ మీద నిలబడి మాట్లాడితే మోటారు, గాలి తప్ప మీరు వినబడరు. కాలర్ మైకు ఫోన్‌కి పెట్టి విడిగా రికార్డు చేసుకోండి, మొదట్లో ఒక చప్పట్లు కొట్టండి, ఎడిటింగ్‌లో కలపడం తేలిక.

ఇళ్లు, ఫంక్షన్ హాళ్లు, హోమ్‌స్టేలు చూపించేవాళ్లు థీటా ఎస్‌సీ2 చూడండి. వీడియో కూడా కావాలంటే ఎక్స్3లో ఫోటో మోడ్ చాలు. గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022లో హైదరాబాద్‌తో కలిపి 10 నగరాల్లో మళ్లీ మొదలయ్యాక, క్లయింట్లు "మా హాలు కూడా అలా తిప్పి చూసేలా పెట్టండి" అని అడగడం నేనే రెండుమూడుసార్లు విన్నాను. ఒక జాగ్రత్త: 360 ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది చపాతీలా సాగదీసిన బొమ్మగా మారిపోతుంది. తిప్పి చూడటానికి కావాల్సిన సమాచారం పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా లింక్ పంపండి.

పెళ్లి వీడియోగ్రాఫర్లకి నా సలహా కాస్త చేదుగా ఉండొచ్చు. మెయిన్ కెమెరాలు ఎలాగూ మీకున్నాయి. 360ని మండపం పైన స్టాండ్‌కి కట్టి వదిలేస్తే, ఎవరు ఎక్కడ ఉన్నారో అన్నీ పడతాయి, మీరు మిస్ అయిన నవ్వు కూడా దొరుకుతుంది. దానికి ఎక్స్5 కావాలి, ఎందుకంటే ముహూర్తం తెల్లవారుజామున మూడింటికైనా ఉండొచ్చు. రెండు పెళ్లిళ్లకి అద్దెకి తెచ్చి వాడి చూశాక కొనండి. క్లయింట్ దానికి విడిగా డబ్బిస్తాడో లేదో అప్పుడు తెలుస్తుంది.

విదేశాల్లో పిల్లలున్న అమ్మానాన్నలకి, లేదా అమ్మానాన్నల ఇల్లు దాచుకోవాలనుకునే పిల్లలకి ఎక్స్4 గానీ ఎక్స్4 ఎయిర్ గానీ. 8కె తప్పనిసరి. సెల్ఫీ స్టిక్‌తో నడుస్తూ తీయకండి, హెడ్‌సెట్‌లో చూసేవాళ్లకి కడుపులో తిప్పుతుంది. కూర్చున్న మనిషి కంటి ఎత్తులో స్టాండ్ పెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, మీరూ వెళ్లి వాళ్లతో కూర్చోండి. ఏమీ జరగనక్కర్లేదు. మా నాన్న పేపరు చదువుతూ కాఫీ తాగిన పద్నాలుగు నిమిషాలు మా అన్నయ్య ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

ఆలయాల వీడియోలు తీద్దామని కొనేవాళ్లు ముందు ఒకటి కనుక్కోండి: మీరు తీయాలనుకున్న గుడి లోపలికి కెమెరా రానిస్తారా? తిరుమల ఆలయంలోకి ఫోనే తీసుకెళ్లనివ్వరు. గోపురం బయట నుంచి తీయడానికి ఇంత కెమెరా అక్కర్లేదు.

బిల్లులో కనబడని ఖర్చులు

8కె గంటసేపు తీస్తే ఎక్స్4లో సెకనుకి 200 మెగాబిట్ల చొప్పున దాదాపు 90 జీబీ. వేగం తక్కువున్న కార్డు పెడితే మధ్యలో ఆగిపోతుంది, కార్డు మీద వీ30 అని రాసి ఉండాలి. అసలు దెబ్బ ల్యాప్‌టాప్ దగ్గర తగులుతుంది. నా దగ్గరున్న 8 జీబీ ర్యామ్ మెషీన్‌లో పది నిమిషాల 8కె క్లిప్ ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి, భోంచేసి, కునుకు తీసి వచ్చినా ఫ్యాను ఇంకా ఊళ వేస్తూనే ఉంది. దాని మీదే 5.7కె పని జరిగిపోతుంది. అంటే పాత ల్యాప్‌టాప్ ఉన్నవాడు 8కె కెమెరా కొంటే ల్యాప్‌టాప్ కూడా కొన్నట్టే. ఫోన్ యాప్‌లో ఎడిట్ చేస్తానంటే మీ ఫోన్ 8కె ఫైళ్లు తట్టుకుంటుందో లేదో ముందు చూసుకోండి. షాపులో వాళ్ల డెమో ఫైల్ మీ ఫోన్లోకి తీసుకుని ఎడిట్ చేసి చూడండి, మొహమాటపడకండి.

స్టిక్, అదనపు బ్యాటరీ, గార్డులు, కార్డు: వీటికి కెమెరా ధరలో పావు వంతు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. మా బావమరిది నలభై వేలలోంచి పది వేలు అలా తీయించాను. వాడి మొహం కాస్త మాడింది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు

మరీ పాతవి కొనకండి. పదివేలకి ఆన్‌లైన్‌లో కనబడే శామ్‌సంగ్ గేర్ 360 అందంగా గుడ్డులా ఉంటుంది, కానీ శామ్‌సంగ్ 2020లోనే తన వీఆర్ సర్వీసులు మూసేసింది. 360 కెమెరాకి యాప్ ప్రాణం. యాప్ పోతే కెమెరా పేపర్ వెయిట్.

మా వాడు చివరికి కాకినాడలో ఒకాయన దగ్గర ఎక్స్3 చూశాడు. వెళ్లేముందు ఫోన్లో వాడికి చెప్పినవి ఇవి. రెండు లెన్సుల మీదా టార్చ్ వేసి పక్కనుంచి చూడు, గీత ఉంటే మెరుస్తుంది. పాత గార్డు అతికించి ఉంటే తీయించి చూడు, దాని కిందే గీతలు దాస్తారు. తెల్ల గోడకి ఎదురుగా ఒక ఫోటో తీసి అతుకు దగ్గర రంగు మారుతుందేమో చూడు. బ్యాటరీ తలుపు రబ్బరు ఊడి ఉంటే నీళ్లలో పెట్టే ఆశ వదులుకో. ఇరవై నిమిషాలు ఆపకుండా రికార్డింగ్ పెట్టి, వాళ్లింట్లో కాఫీ తాగు, అప్పటికి బ్యాటరీ ఎంత దిగిందో చూడు. తర్వాత ఆ కెమెరా వాళ్ల అకౌంట్‌లోంచి తీయించి, నీ ఫోన్లో యాక్టివేట్ అయ్యాకే డబ్బు పంపు.

వాడు అన్నీ చేశాడు, గార్డు కింద గీత దొరికింది. బేరం ఆడి ఐదు వేలు తగ్గించుకుని అదే కెమెరా పట్టుకొచ్చాడు. గీత ఉన్న లెన్సు ఎప్పుడూ వాడి మొహం వైపు తిప్పుతాడు, గోదావరి వైపు మంచి లెన్సు.